నవ్వొచ్చింది, తప్పా? ‘ఫార్గో’ మొదటి ఎపిసోడ్ మీద మీ ప్రశ్నలు

పోయిన సంచికలో ‘ఫార్గో’ సీరీస్ మొదటి సీజన్ చూడమని రాశాను. 2014 ఏప్రిల్ 15న అమెరికాలో ఎఫ్‌ఎక్స్ ఛానల్లో మొదలైంది, పది ఎపిసోడ్లు, రాసింది నోవా హాలీ. మొదటి ఎపిసోడ్‌కి దర్శకుడు ఆడమ్ బెర్న్‌స్టీన్. ఆ సంచిక వచ్చిన దగ్గర్నుంచి ఉత్తరాలూ మెసేజ్‌లూ వస్తూనే ఉన్నాయి, దాదాపు అన్నీ మొదటి ఎపిసోడ్ మీదే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. ఇంకా చూడనివాళ్లు చూశాక రండి, ఎవరు ఎవర్ని చంపారో ఇక్కడ అంతా చెప్పేస్తాను.

చూసి చాలా రోజులైనవాళ్ల కోసం కథ క్లుప్తంగా. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, బెమిడ్జి అనే చిన్న ఊరు, 2006, ఎటు చూసినా మంచు. లెస్టర్ నైగార్డ్ ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముకునే మనిషి, ఇంట్లో భార్య దగ్గరా బయట అందరి దగ్గరా మాట పడుతుంటాడు. స్కూల్లో తనని ఏడిపించిన శామ్ హెస్ ఇన్నేళ్లకి నడి వీధిలో ఎదురై, కొడుకుల ముందే అవమానించి కొట్టబోతున్నట్టు చెయ్యెత్తుతాడు. బెదిరి వెనక్కి తగ్గబోయి లెస్టర్ అద్దానికి గుద్దుకుని ముక్కు పగలగొట్టుకుంటాడు. ఆస్పత్రిలో పక్క కుర్చీలో కూర్చున్న లోర్న్ మాల్వో అనే కొత్త మనిషికి ఈ సంగతంతా చెప్పుకుంటాడు. ఆ కొత్త మనిషి కిరాయి హంతకుడు. ఎపిసోడ్ అయ్యేసరికి హెస్ చస్తాడు, లెస్టర్ చేతుల్లో భార్య చస్తుంది, విచారించడానికి వచ్చిన పోలీస్ చీఫ్ వెర్న్ థర్మన్ లెస్టర్ ఇంట్లోనే చనిపోతాడు.

ప్రశ్న (వరంగల్ నుంచి): మొదట్లోనే ‘ఇది నిజంగా జరిగిన కథ’ అని వేశారు. నేను ఇంటర్నెట్ అంతా వెతికాను, ఎక్కడా దొరకలేదు. ఏ కేసండీ అది?

ఏ కేసూ కాదు. మొత్తం కల్పితం. ఈ సీరీస్‌కి మూలం 1996లో జోయెల్, ఈథన్ కోయెన్ అన్నదమ్ములు తీసిన అదే పేరున్న సినిమా. అందులో కూడా ముందు ఇదే మాట వేశారు, అది కూడా కల్పిత కథే. కోయెన్ సోదరులు ఈ సీరీస్‌కి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లు, కాబట్టి ఆ అలవాటు సినిమా నుంచి ఇక్కడికి వచ్చింది.

కానీ ఆ అక్షరాలు ఏమంటున్నాయో ఒకసారి మళ్లీ చూడండి. బతికున్నవాళ్లు కోరారు కాబట్టి పేర్లు మార్చామనీ, చనిపోయినవాళ్ల మీద గౌరవంతో మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెప్పామనీ ఉంటుంది. చనిపోయినవాళ్ల మీద గౌరవం అన్న ఆ ముక్క మనసులో పడ్డాక తర్వాత వచ్చే ప్రతి నవ్వుకీ ఒక బరువు వచ్చేస్తుంది. వెర్రి సంఘటన ఏది జరిగినా ‘ఇది నిజంగా ఒకరికి జరిగిందంట’ అనుకుంటూ చూస్తాం. కల్పిత కథే అని ముందే తెలిసుంటే అంతగా పట్టించుకోం. అబద్ధమే, ఒప్పుకుంటాను. కానీ చూసేవాడిని జాగ్రత్తగా కూర్చోబెట్టడానికి ఆడిన అబద్ధం అది.

ప్రశ్న (రాజమండ్రి నుంచి): ఆస్పత్రి సీన్‌లో పడీపడీ నవ్వాను. అదే ఎపిసోడ్ చివరికొచ్చేసరికి గొంతు పట్టేసింది, రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు. చావులున్న కథ చూసి నవ్వడం తప్పా?

తప్పు కాదండీ. అసలు మీరు దేనికి నవ్వారో గుర్తు తెచ్చుకోండి. ఎవరో చచ్చినందుకు మీరు నవ్వలేదు. ఒక మనిషి మర్యాద కోసం నానా యాతన పడుతుంటే నవ్వారు.

ఆ సీన్ నేను నాలుగుసార్లు చూశాను. లెస్టర్ ముక్కు వాచిపోయి కూర్చున్నాడు. పక్కన మాల్వో, అతనికి తల మీద దెబ్బ, దారిలో జింకని గుద్దేసి వచ్చాడు. లెస్టర్ తన గోడు చెప్పుకుంటాడు. నేనైతే వాణ్ని చంపేసేవాణ్ని అంటాడు మాల్వో, గొంతు ఏమాత్రం మార్చకుండా. అయితే నువ్వే చంపిపెట్టు అన్నట్టు లెస్టర్ ఏదో మాటవరసకి అనేస్తాడు, మనం టీ బడ్డీ దగ్గర ఎన్నిసార్లు అనుంటామో అలాంటి మాట. మాల్వో దాన్ని పట్టుకుంటాడు. ‘నన్ను అడుగుతున్నావా?’ అంటాడు. లెస్టర్ కంగారుపడతాడు, అబ్బే సరదాకి అన్నానంటాడు. ఇంతలో నర్సు పేరు పిలుస్తుంది. ‘అవునా, కాదా?’ అంటాడు మాల్వో. నర్సు మళ్లీ పిలుస్తుంది. లెస్టర్ లేచి వెళ్లిపోతాడు, ఏమీ చెప్పకుండా.

ఇక్కడే నవ్వూ ఉంది, ఇక్కడే హత్యా ఉంది. ‘వద్దు’ అన్న ఒక్క మాట చాలు, హెస్ బతికేవాడు. కానీ ఎదుటి మనిషి మొహం మీద కచ్చితంగా మాట చెప్పలేకపోవడం లెస్టర్‌కి ఒంటికి పట్టిన అలవాటు. ఆ ప్రాంతం వాళ్ల అతిమర్యాదకి అమెరికాలో ‘మిన్నెసోటా నైస్’ అని ఒక పేరే ఉంది. గొడవ వద్దు, ఎవర్నీ నొప్పించొద్దు, మనసులో ఉన్నది బయటపెట్టొద్దు. పెళ్లి చూపుల్లో నచ్చకపోయినా ‘ఇంటికెళ్లి కబురు చేస్తాం’ అనే మనకి ఇది కొత్త సంగతేమీ కాదు. లెస్టర్‌లో మనల్ని మనం చూసుకున్నాం కాబట్టి నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఆ అలవాటు ఒక మనిషి ప్రాణం తీసేసింది. మీకు నిద్ర పట్టలేదంటే ఎపిసోడ్‌ని సరిగ్గా చూశారన్నమాట.

ప్రశ్న (విజయవాడ నుంచి): నేనూ మావారూ కలిసి చూశాం. లెస్టర్ సుత్తితో భార్యని కొట్టిన సీన్ తర్వాత మావారు ‘అంత సాధించే ఆడదాన్ని ఎవడు మాత్రం భరిస్తాడు’ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మీరేమంటారు?

మీకు ఒళ్లు మండటమే సరైంది. మీవారికి కూడా కోపం లేకుండా ఒక మాట చెప్పాలనుంది, ఈ జవాబు ఆయనకి చదివి వినిపించండి.

ఆయన అలా అనుకోవాలనే ఆ సీన్ రాశారు. అంతకు ముందు అరగంటకి పైగా మనల్ని లెస్టర్ పక్షాన నిలబెట్టారు. హెస్ అవమానించాడు. తమ్ముడు చాజ్ తన పెద్ద ఇల్లూ తన గొప్పా చూపించి, నువ్వు చచ్చిపోయావని అప్పుడప్పుడు జనానికి చెబుతుంటానన్నాడు. భార్య పెర్ల్ మాటిమాటికీ ఆ తమ్ముడితో పోల్చి దెప్పింది. నేలమాళిగలో వాషింగ్ మెషిన్ ఒకటే రొద, దాన్ని బాగు చేసి తనూ ఒక మగాడినని నిరూపించుకోవాలని లెస్టర్ తంటాలు, అది కాస్తా కుదరలేదు, పెర్ల్ అక్కడా వెక్కిరించింది. అప్పుడు సుత్తి లేచింది.

సుత్తి లేచేదాకా మనం లెస్టర్‌తో ఉన్నాం. మొదటి దెబ్బ పడ్డాక కెమెరా పెర్ల్ మొహం చూపిస్తుంది, ఏం జరిగిందో ఆవిడకి ఇంకా అర్థం కాలేదు. అక్కడ ఆగి ఉంటే ఏదో ఆవేశంలో జరిగిందనుకోవచ్చు. అతను ఆగలేదు. మళ్లీ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. ఆ తర్వాత ఏడుస్తూ కూలబడలేదు కూడా, నేరం మాల్వో మీదకి నెట్టడానికి పథకం వేసి అతన్ని ఇంటికి పిలిచాడు. అంటే మనం ఇంతసేపు జాలిపడ్డ మనిషి లోపల ఉన్నది ఇదన్నమాట. దెప్పిపొడుపుకి శిక్ష చావు కాదండీ. ఆవిడ నోరు చేదే, ఒప్పుకుంటాను, కానీ ఆ ఇంట్లో విడాకులు కూడా ఒక దారే, గడప దాటి వెళ్లిపోవడం కూడా ఒక దారే. మన పేపర్లలో జిల్లా పేజీ తిప్పితే ‘భార్యని చంపిన భర్త’ వార్త కింద కారణాల్లో ‘తరచూ గొడవ పడేదని’ అని రాసి ఉంటుంది, చచ్చిపోయినావిడ వచ్చి తన వైపు చెప్పుకోలేదు. అందుకే ఈ సీన్ గురించి అంత గట్టిగా మాట్లాడుతున్నాను.

ఇంకొకటి గమనించారో లేదో, ఆ నేలమాళిగ గోడ మీద ఒక పోస్టర్ ఉంటుంది. చేపలన్నీ ఒక వైపు వెళుతుంటే ఒకే ఒక చేప ఎదురు ఈదుతుంటుంది, ‘నువ్వే రైటయ్యి వాళ్లంతా తప్పయితే?’ అని రాసి ఉంటుంది. ఆఫీసుల్లో తగిలించే ఉత్సాహపు మాట లాంటిదే. చివర్లో వెర్న్ కింద పనిచేసే పోలీసు మోలీ ఇంట్లోకి వచ్చేలోపు తనూ దెబ్బ తిన్నవాడిలా కనిపించాలని లెస్టర్ పరుగెత్తుకెళ్లి ఆ గోడకేసి తల బాదుకుంటాడు. ఒంటరి చేప తనేనని ఆ మనిషి ఎన్నేళ్లుగా అనుకుంటున్నాడో.

ప్రశ్న (కర్నూలు నుంచి): ఎపిసోడ్ పేరు ‘మొసలి సందిగ్ధం’ అట. ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మొసలి లేదు, మంచులో మొసలేంటి?

మొసలి అనగానే మనకి గజేంద్రుడి కాలు పట్టుకున్నదో, పంచతంత్రంలో కోతి గుండె అడిగినదో గుర్తొస్తుంది. ఇది వేరే మొసలి, పాత గ్రీకుల నాటి తర్కపు చిక్కుముడి. మొసలి ఒక పిల్లవాణ్ని ఎత్తుకుపోతుంది. తండ్రి బతిమాలితే, ‘నేను ఏం చేయబోతున్నానో సరిగ్గా చెప్పు, చెబితే పిల్లవాణ్ని ఇచ్చేస్తా’ అంటుంది. తండ్రి ‘నువ్వు ఇవ్వవు’ అంటాడు. ఇప్పుడు మొసలి ఇవ్వకపోతే తండ్రి చెప్పింది నిజమైనట్టు, కాబట్టి మాట ప్రకారం ఇవ్వాలి. ఇచ్చేస్తే తండ్రి చెప్పింది తప్పయినట్టు, కాబట్టి ఇవ్వక్కర్లేదు. ఎటు తిరిగినా మాట నిలబడదు.

దీన్ని మాల్వోకి నేను ఇలా అన్వయించుకున్నాను. అతను అందరితోనూ బేరం మాట్లాడుతున్నట్టే ఉంటాడు, ప్రశ్నలు అడుగుతాడు, జవాబు కోసం ఎదురు చూస్తాడు. కానీ మనం ఏ జవాబు చెప్పినా పిల్లవాడు అతని నోట్లోనే ఉంటాడు. మోటెల్ సీన్ చూడండి. పెంపుడు జంతువు ఉంటే అదనపు చార్జీ అంటుంది ఆ మోటెల్ యజమానురాలు. చేపనైతే, సాలీడైతే, అని మొదలుపెట్టి సూక్ష్మజీవుల దాకా వెళతాడు. ఆ తర్వాత అక్కడ పనిచేసే కుర్రాడికి యజమానురాలి కారు పెట్రోల్ ట్యాంక్‌లో మూత్రం పోయమని సలహా ఇచ్చి, వాడు పోస్తుండగా ఆవిడకే ఫోన్ చేసి చెప్పేస్తాడు. డబ్బు కోసం కాదు, పగ కూడా లేదు. మనుషులు పెట్టుకున్న కట్టుబాట్లు ఎంత పలుచనో గిల్లి చూడటం అతని సరదా. లెస్టర్‌కి కూడా అదే బోధిస్తాడు, లోకంలో నియమాలున్నాయని ఇన్నాళ్లూ అనుకోవడమే నీ తప్పు, అసలు నియమాలే లేవు అని. మాల్వోగా వేసిన బిల్లీ బాబ్ థార్న్‌టన్ ఈ మాటలు ఎంత నెమ్మదిగా అంటాడంటే, ఒక్క క్షణం మనకి కూడా నిజమేనేమో అనిపిస్తుంది. నాకు ఈ ఎపిసోడ్‌లో అన్నిటికన్నా భయం వేసింది అక్కడే.

ప్రశ్న (మినియాపోలిస్ నుంచి): నేను పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. మంచు సరిగ్గానే చూపించారు కానీ ఊరు మాత్రం బెమిడ్జిలా అనిపించలేదు. ఎక్కడ తీశారు?

మీ కన్ను మంచిదే. కెనడాలో తీశారు, కాల్గరీ చుట్టుపక్కల. అన్నట్టు చాలామంది అడిగారు, ఫార్గో ఊరు మిన్నెసోటాలో లేదు, పక్కనున్న నార్త్ డకోటాలో ఉంది.

ప్రశ్న (ఖమ్మం నుంచి): మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. కామెడీ అన్నారు కదా, వాడితో కలిసి చూడొచ్చా?

వద్దండీ. క్లబ్‌లో హెస్‌ని చంపే సీన్ ఒక్కటి చాలు ఇద్దరూ ఇబ్బంది పడటానికి. పెద్దవాళ్లకి తీసిన సీరీస్ ఇది.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి): నేను ఒక వెబ్ సీరీస్ రాస్తున్నాను, క్రైమ్ కామెడీ. మొదటి ఎపిసోడ్ చదివిన వాళ్లందరూ నవ్వుతున్నారు కానీ రెండో ఎపిసోడ్ ఎవరూ అడగడం లేదు. ‘ఫార్గో’ మొదటి ఎపిసోడ్ నుంచి ఏం నేర్చుకోవాలి?

నాకైతే జవాబు ఒక్కటే, వెర్న్ థర్మన్. మీ స్క్రిప్ట్‌లో చచ్చేవాళ్లు ఎవరో నేను చదవలేదు, కానీ సాధారణంగా మన దగ్గర క్రైమ్ కామెడీ అంటే చచ్చేవాళ్లంతా వెధవలు, చంపేవాళ్లు తింగరోళ్లు, పోలీసులు బఫూన్లు. ఎవరు పోయినా మనకేం పట్టదు. పట్టనప్పుడు తర్వాత ఏమైందో ఎందుకు అడుగుతారు?

ఇక్కడ వెర్న్‌ని ఎలా పరిచయం చేశారో చూడండి. భార్య ఐడా నిండు గర్భిణి. పుట్టబోయే బిడ్డ కోసం ఇద్దరూ మురిసిపోతుంటారు. ఆఫీసులో తన కింద పనిచేసే మోలీ సోల్వర్సన్ మంచులో అడుగుల జాడలు చూసి, మాల్వో జింకని గుద్దేసిన ఆ కారులోంచి ఇంకో మనిషి పారిపోయాడని పట్టుకుంటే, ఆయన అసూయపడడు, మురిసిపోతాడు, ఈ పిల్ల ఒకరోజు చీఫ్ అవుతుందని నమ్ముతాడు. అంత మంచి పై అధికారిని సీరీస్‌కి హీరో అనుకుంటాం. మొదటి ఎపిసోడ్‌లోనే తుపాకీ దెబ్బకి కూలిపోతాడు. ఆ దెబ్బతో నవ్వులన్నీ ఆగిపోతాయి. హెస్ పోయినప్పుడు లేని బాధ ఇక్కడ ఎందుకంటే ఇంటి దగ్గర ఎదురు చూసే మనిషి మనకి ముందే తెలుసు. రెండో ఎపిసోడ్ ఎవరి కోసం చూస్తాం? మోలీ కోసం, ఐడా కోసం. మాల్వో ఎంత సరదాగా ఉన్నా అతని కోసం మాత్రం కాదు, నా మటుకు.

ఇంకో పని కూడా గమనించండి. వెర్న్‌ని కాల్చిన తుపాకీ గుళ్లలో ఒక చిన్న రవ్వ లెస్టర్ చేతిలో దిగబడుతుంది. ఎపిసోడ్‌లో దాని గురించి పెద్దగా మాట్లాడరు, కానీ అది అక్కడే ఉంటుంది, తర్వాతి ఎపిసోడ్లలో కుళ్లుతుంది. మీ కథలో మొదటి రోజు జరిగిన తప్పు రెండో రోజు ఎవరి ఒంట్లో సలుపుతుందో చూసుకోండి. 2014లో ఈ సీజన్‌కి ఉత్తమ మినీసీరీస్‌గా ఎమ్మీ వచ్చింది, డైలాగుల్లో జోకులు లెక్కపెట్టి ఇచ్చిన అవార్డు కాదు అది.

ప్రశ్న (అనంతపురం నుంచి): మా నాన్న హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. చివర్లో గస్ అనే పోలీసు హంతకుణ్ని ఆపి కూడా వదిలేస్తే, ‘వీడూ ఒక పోలీసేనా’ అని టీవీ కట్టేశారు. నాకు గస్ మీద జాలేసింది. ఎవరు రైటు?

మీ నాన్నగారి కోపం అర్థం చేసుకోగలను. ఉద్యోగమంతా రాత్రి డ్యూటీలు చేసినాయన, ఆపిన బండిని కాగితాలు చూడకుండా వదలడం ఆయనకి మింగుడు పడదు. కానీ ఆయన్ని ఇంకోసారి కూర్చోబెట్టి ఆ ఒక్క సీనే చూపించండి.

డులూత్ ఊరు, అర్ధరాత్రి. గస్ గ్రిమ్లీ ఒక్కడే ఉన్నాడు. భార్య లేదు, ఒక్కతే కూతురు, ఇంట్లో ఒంటరిగా ఉన్న ఆ పిల్ల వైర్‌లెస్‌లో నాన్నతో కబుర్లు చెబుతోంది. అతను కారు ఆపుతాడు, లైసెన్సూ కాగితాలూ అడుగుతాడు. లోపలున్న మాల్వో చెయ్యి కూడా కదపడు, తుపాకీ చూపించడు. పాత మ్యాపుల్లో ‘ఇక్కడ డ్రాగన్లు ఉంటాయి’ అని రాసేవాళ్లనీ, ఇప్పుడు రాయడం లేదు కాబట్టి డ్రాగన్లు లేనట్టు కాదనీ చెబుతాడు. ఆ తర్వాత ఏం జరగబోతోందో కూడా తనే చెబుతాడు, నేను అద్దం ఎత్తుకుని వెళ్లిపోతాను, నువ్వు ఇంటికెళ్లి నీ కూతుర్ని చూసుకుంటావు, కొన్నేళ్లకోసారి ఆ పిల్ల మొహం చూసినప్పుడల్లా ఈ రాత్రి ఒక దారిలో వెళ్లకపోబట్టే బతికున్నానని నీకు తెలుస్తుంది అని. గస్ నోట మాట రాదు. కారు వెళ్లిపోతుంది.

ఇది పిరికితనమే, మీ నాన్నగారు తప్పేం అనలేదు. కానీ ఆ ఎపిసోడ్‌లో మాల్వో ముందు నోరు పెగలనివాళ్లు ఇద్దరే, ఆస్పత్రిలో లెస్టర్, ఇక్కడ గస్. లెస్టర్ ఇంటికెళ్లి మనసులో ఉన్న కోపాన్ని సుత్తి చేసుకున్నాడు. గస్ ఇంటికి వెళతాడు, కూతురు నిద్రపోతుంటుంది, వదిలేసిన కారు ఎవరిదో మర్నాటి నుంచి అతనికి తెలుస్తూ ఉంటుంది. ఇద్దరిలో ఎవడు ఏమవుతాడన్నదే మిగతా తొమ్మిది ఎపిసోడ్లు. కట్టేసిన టీవీ మళ్లీ పెట్టించండి, రెండో ఎపిసోడ్ నుంచి నాన్నగారిని గస్ మొహమే చూడమనండి. చూశాక ఆయన ఏమన్నారో నాకు రాయండి.